రుచి చూడటానికి జర్మన్‌లో ఏ మాట వాడాలి? ప్రొబీరెన్, కొస్టెన్, ష్మెకెన్, ఫెర్‌జూఖెన్

మ్యూనిక్ నడిబొడ్డున విక్టువాలియెన్‌మార్క్ట్ అనే బజారు ఉంది. కూరగాయలు, తేనె, చీజ్, సాసేజీలు, పూలు అన్నీ అక్కడే దొరుకుతాయి. జర్మన్ క్లాసులో చేరిన మూడో నెలలో అక్కడొక చీజ్ కొట్టు ముందు నిలబడి, ఇంటి దగ్గరే బట్టీపట్టి వచ్చిన వాక్యం అప్పజెప్పాను: "ఇష్ మ్యోష్టె ష్మెకెన్." రుచి చూడాలనుంది అని నా ఉద్దేశం. కొట్టులోని పెద్దావిడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, "ఆఖ్, ప్రొబీరెన్!" అంటూ కత్తి మొన మీద చిన్న ముక్క పెట్టి అందించింది. చీజ్ బాగుంది. నా వాక్యమే బాగాలేదు.

అసలు జరిగిందేమిటంటే, తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆ ఇంగ్లిష్ మాటకి డిక్షనరీలో జర్మన్ వెతికాను. ఇంగ్లిష్‌లో టేస్ట్ అనే ఒక్క మాటే రుచి చూడటానికీ, రుచిగా ఉండటానికీ సరిపోతుంది. ట్రై సంగతి ఇంకా ఘోరం. చొక్కా ట్రై చేయొచ్చు, బిర్యానీ ట్రై చేయొచ్చు, ఉద్యోగానికీ ట్రై చేయొచ్చు. తెలుగులో వీటన్నిటికీ వేరు వేరు మాటలున్నాయి. జర్మన్‌లోనూ ఉన్నాయి. అందుకే ఈ మాటల్ని నేను తెలుగు పక్కన పెట్టి పోలుస్తున్నాను. అలా చూస్తే ఏది ఎప్పుడు వాడాలో ఇట్టే తెలిసిపోతుంది.

పలకడం గురించి ముందే రెండు ముక్కలు. నేను 'జ' అని రాసినచోట జూ పార్కులోని జ లాగా పలకాలి. 'ఖ' అని రాసినచోట గొంతులో గాలి ఒరుసుకుంటూ రావాలి. హైదరాబాద్‌లో ఖబర్ అనే మాట సరిగ్గా పలికేవాళ్ళకి ఇది కష్టమేమీ కాదు.

తొందరలో ఉన్నవాళ్ళకి: ప్రొబీరెన్

ఒక్క మాటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోండి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడింటిలోనూ అర్థమవుతుంది. కొట్లో, ఐస్‌క్రీమ్ బండి దగ్గర, స్నేహితుల ఇంట్లో ఎక్కడైనా పనికొస్తుంది. అడగాల్సిన తీరు ఇది: "డార్ఫ్ ఇష్ మాల్ ప్రొబీరెన్?" అంటే "ఒకసారి రుచి చూడొచ్చా?"

ఇందులో మాల్ అనే చిన్న మాటని వదిలేయకండి. అది ఐన్‌మాల్ అనే మాటకి కురచ రూపం. ఐన్‌మాల్ అంటే ఒకసారి. మనం "ఒకసారి ఇటు రా", "ఒకసారి ఆ పెన్ను ఇవ్వు" అంటాం కదా. అక్కడ లెక్కపెట్టడానికి అనం, మాట మెత్తగా ఉండాలని అంటాం. మాల్ చేసే పని కూడా అచ్చంగా అదే. క్లాసులో మా టీచరు దీన్ని అరగంట వివరించినా నాకు ఎక్కలేదు. తెలుగులో పెట్టుకుని చూడగానే ఎక్కింది.

ఎదుటివాళ్ళకి పెట్టేటప్పుడు నువ్వు, మీరు తేడా చూసుకోవాలి. స్నేహితుడితో "ప్రొబీర్ మాల్!", పెద్దవాళ్ళతోనో కొత్తవాళ్ళతోనో "ప్రొబీరెన్ జీ మాల్!" అనాలి. మనకి ఇది కొత్తేమీ కాదు కాబట్టి సాగదీయను.

జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు ఒక సుఖం ఉంది. జర్మన్ క్రియలకి మామూలుగా ముందు 'గె' చేరుతుంది. ఈరెన్‌తో ముగిసేవాటికి అది రాదు. "ఇష్ హాబె ఎస్ ప్రొబీర్ట్", అంటే రుచి చూశాను. గెప్రొబీర్ట్ అనే మాట లేదు. కానీ మొదటి ఏడాదిలో అందరి నోటా ఒక్కసారైనా వస్తుంది.

వియన్నా వెళ్ళేవాళ్ళకి: కొస్టెన్

కొస్టెన్ అనగానే క్లాసులో మొదటివారం నేర్పిన "వాస్ కొస్టెట్ డాస్?" గుర్తొస్తుంది. ఇదెంత అని ధర అడగడం. అదే కొస్టెన్‌కి రుచి చూడటం అనే అర్థమూ ఉంది. నిజానికి ఇవి రెండు వేరు మాటలు. ధర కొస్టెన్ లాటిన్ నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. రుచి కొస్టెన్ పాత జర్మానిక్ మాట, లాటిన్‌లోని గుస్టారేకి దూరపు చుట్టం. తాగే పాలు, వాటా అనే అర్థంలో పాలు మన దగ్గర ఒకేలా వినిపించడం లేదూ, అదే సంగతి.

రుచి చూడటానికి ఈ మాట ఆస్ట్రియాలోనూ, తూర్పు జర్మనీలోనూ ఎక్కువ వినిపిస్తుంది. వియన్నాలోని నాష్‌మార్క్ట్‌లో నడుస్తుంటే ఆలివ్‌లు, ఎండు పండ్లు అమ్మేవాళ్ళు పుల్లకి గుచ్చి ముందుకు చాపుతూ "వోలెన్ జీ కొస్టెన్?" అంటారు. ధర చెబుతున్నారనుకుని పారిపోకండి. తింటారా అని అడుగుతున్నారు. మిగతా చోట్ల అదే మాట కాస్త పుస్తకాల భాషలా అనిపించవచ్చు, తప్పు మాత్రం కాదు.

రెండు అర్థాలకీ భూతకాలం ఒకటే, గెకొస్టెట్. "ఇష్ హాబె డేన్ కేజె గెకొస్టెట్" అంటే చీజ్ రుచి చూశాను. "డేర్ కేజె హాట్ ఫ్యున్ఫ్ ఓయ్‌రో గెకొస్టెట్" అంటే చీజ్‌కి అయిదు యూరోలు అయ్యాయి. మనిషి కర్త అయితే రుచి, వస్తువు కర్త అయితే ధర. ఇంతకు మించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

ప్రొబీరెన్, కొస్టెన్‌లలో ఏది ఎంచుకోవాలంటే, మాట్లాడటానికి ప్రొబీరెన్, విని అర్థం చేసుకోవడానికి రెండూ. వియన్నాలోనో, తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లోనో చదువుకోబోతున్నవాళ్ళు మాత్రం కొస్టెన్‌ని నోటికీ అలవాటు చేసుకోండి.

అసలు చిక్కు: ష్మెకెన్

నన్ను బజారులో నవ్వులపాలు చేసిన మాట ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

ష్మెకెన్ అంటే రుచి చూడటం కాదు, రుచిగా అనిపించడం. ఆ పని మనిషి చేయడు, తిండి చేస్తుంది. "డేర్ కూఖెన్ ష్మెక్ట్ మియర్." కూఖెన్ అంటే కేకు, మియర్ అంటే నాకు. అంటే "కేకు నాకు రుచిగా ఉంది." నేను అనే ఇష్ ఈ వాక్యంలో ఎక్కడా లేదు. ఇంగ్లిష్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే తడబడతారు. మనకి తడబాటెందుకు? నేను ఆకలి అనం, నాకు ఆకలి అంటాం. నేను నచ్చాను అంటే అర్థమే మారిపోతుంది, నాకు నచ్చింది అనాలి. ష్మెకెన్ అచ్చంగా మన నాకు వాక్యం. మియర్ నాకు, డియర్ నీకు, ఈనెన్ మీకు. క్రియ కూడా మనలాగే తినేదాన్ని బట్టే మారుతుంది. ఒక కేకు అయితే ష్మెక్ట్, బోలెడు ఆపిల్ పండ్లు అయితే ష్మెకెన్. మనం నచ్చింది, నచ్చాయి అన్నట్టు.

హోటల్లో ప్లేట్లు తీసేటప్పుడు "హాట్ ఎస్ ఈనెన్ గెష్మెక్ట్?" అని అడుగుతారు. భోజనం బాగుందా అని. "యా, జేయర్ గూట్, డాంకె" అంటే చాలు. మధ్యలో వచ్చి పొడిగా "ష్మెక్ట్స్?" అని అడిగినా అదే జవాబు.

మరి "ఇష్ ష్మెకె" అని ఎప్పుడూ అనకూడదా అంటే, అనొచ్చు, కానీ అర్థం వేరు. అది నాలుకకి రుచి తెలియడం గురించి. జలుబు చేసినప్పుడు "ఇష్ ష్మెకె నిష్ట్స్" అంటారు, ఏ రుచీ తెలియడం లేదని. నేను చీజ్ కొట్లో అన్నదాని అర్థం దాదాపుగా "నాకు రుచి తెలిసే శక్తి కావాలి" అన్నట్టు వినిపించి ఉంటుంది.

ష్మెకెన్ పక్కన నాఖ్ చేరితే ఇంకో మంచి వాడుక వస్తుంది. "ఎస్ ష్మెక్ట్ నాఖ్ ట్సిమ్ట్" అంటే ఇందులో దాల్చినచెక్క రుచి వస్తోంది అని. క్రిస్మస్ బజార్లలో ఈ వాక్యం నెలంతా వాడుకోవచ్చు, ఎందుకంటే నిజంగానే అన్నిట్లోనూ ఆ రుచే ఉంటుంది. నైరుతి జర్మనీలో ష్వాబియా వైపు ఎవరైనా పువ్వు ష్మెక్ట్ అంటే నోట్లో పెట్టుకోకండి. అక్కడి మాండలికంలో ఆ మాటకి వాసన అనే అర్థం కూడా ఉంది.

అయితే తెలుగు ఎప్పుడూ గట్టెక్కించదు. మనం ఇడ్లీ నచ్చింది, చీర నచ్చింది, ఊరు నచ్చింది, అన్నీ ఒకే మాటతో కానిచ్చేస్తాం. జర్మన్‌లో తిండికి ష్మెకెన్, చీరకీ ఊరికీ గెఫాలెన్. కూర "గెఫెల్ట్ మియర్" అంటే దాని రంగు చూసి మెచ్చుకున్నట్టు ఉంటుంది. ఇక ఇప్పుడు తింటున్నదాని గురించి కాకుండా మామూలుగా ఇష్టం అని చెప్పాలంటే మ్యోగెన్ ఉంది: "ఇష్ మాక్ కేజె", నాకు చీజ్ ఇష్టం. ఇక్కడ మాత్రం ఇష్ వస్తుంది, మియర్ రాదు.

తిని చూడు, వేసుకుని చూడు, వాడి చూడు

తెలుగులో ఒక చక్కని సదుపాయం ఉంది. ఏ క్రియ పక్కనైనా చూడు చేరిస్తే పరీక్షించడం అనే అర్థం వచ్చేస్తుంది. జర్మన్‌లో ఆ చూడు స్థానంలో ప్రొబీరెన్ ఉంది, దాని ముందు చిన్న ముక్కలు మారుతుంటాయి. తిని చూడు అంటే ఒట్టి ప్రొబీరెన్. వేసుకుని చూడు అంటే ఆన్‌ప్రొబీరెన్. వాడి చూడు, చేసి చూడు అంటే ఔస్‌ప్రొబీరెన్. బట్టల కొట్లో "డార్ఫ్ ఇష్ డాస్ ఆన్‌ప్రొబీరెన్?" అనాలి. ఆన్ మర్చిపోతే చొక్కా కొరికి చూస్తానన్నట్టు మరీ అంతగా వినిపించదు, అర్థమవుతుంది కానీ, ఆన్ ఉంటేనే మాట స్పష్టంగా ఉంటుంది.

ఈ ముందు ముక్కలు వాక్యంలో విడిపోయి చివరికి వెళ్ళిపోతాయి. "ఇష్ ప్రొబీరె డాస్ రెట్సెప్ట్ ఔస్", ఈ వంటకం చేసి చూస్తాను. కొత్తవాళ్ళకి ఇదొక టెన్షన్. మనకి వాక్యం చివర క్రియ కోసం ఎదురుచూడటం పుట్టుకతో వచ్చిందే కాబట్టి అలవాటు పడటానికి ఎక్కువ రోజులు పట్టదు.

మిగిలింది ఫెర్‌జూఖెన్. డిక్షనరీ దీనికి ప్రయత్నించడం అని చెబుతుంది. "ఇష్ ఫెర్‌జూఖె, డాయ్చ్ ట్సూ ష్ప్రెషెన్", జర్మన్ మాట్లాడటానికి ప్రయత్నిస్తున్నాను. ఇలాంటిచోట దీన్నే ఎంచుకోండి. "ఫెర్‌జూఖెన్ జీ మాల్ డేన్ కూఖెన్" అని తిండికి వాడటమూ ఉంది, డిక్షనరీల్లోనూ ఉంది. వింటే అర్థం చేసుకోండి, మీరు మాత్రం తిండికి ప్రొబీరెన్, ప్రయత్నానికి ఫెర్‌జూఖెన్ అని విడదీసి పెట్టుకుంటే గందరగోళం ఉండదు. ఈ మాటకి పుట్టిన నామవాచకం ఫెర్‌జూఖుంగ్ అంటే ప్రలోభం. మిఠాయి కొట్టు అద్దాల ముందు నిలబడినప్పుడు రెండు అర్థాలూ కలిసిపోతాయి.

ఉప్పు చూడటానికి: అప్‌ష్మెకెన్

వంటింట్లో అమ్మ "కూరలో ఉప్పు చూడు" అంటుంది కదా. దానికి జర్మన్‌లో ప్రత్యేకంగా ఒక మాట ఉండటం నాకు భలే నచ్చింది (గెఫాలెన్, ష్మెకెన్ కాదు). జర్మన్ వంటల పుస్తకంలో చివరి వరుస దాదాపు ఎప్పుడూ ఒకటే: "మిట్ జాల్ట్స్ ఉంట్ ప్ఫెఫర్ అప్‌ష్మెకెన్." ఉప్పు, మిరియాలతో రుచి సరిచూసుకోండి అని. ఒట్టిగా చూడటమే కాదు, తక్కువైతే వేసి సరిచేయడం కూడా ఇందులో ఉంది. వండేవాళ్ళకే ఈ మాట. అతిథిగా వెళ్ళి "నేను అప్‌ష్మెకెన్ చేస్తాను" అంటే వాళ్ళ వంటలో ఉప్పు కలపడానికి బయలుదేరినట్టే.

ఇక్కడొక చిన్న ముచ్చట. మా ఇంట్లో ఉప్పు చూడటమంటే గరిటెతో అరచేతిలో రెండు చుక్కలు వేసుకోవడమే. గరిటె నోటికి తగిలితే ఎంగిలి. మ్యూనిక్‌లో నాతో ఇల్లు పంచుకున్న అమ్మాయికి ఎంగిలి అంటే ఏమిటో చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. జర్మన్‌లో దానికి మాట లేదు. వర్ణించగలిగాను అంతే.

వైన్ రుచి చూసే కార్యక్రమాలకి వైన్‌ప్రోబె, ఫెర్‌కొస్టుంగ్ అంటారు. సూపర్‌మార్కెట్‌లో నమూనా ముక్కలు పెట్టిన బల్ల మీద కూడా ఫెర్‌కొస్టుంగ్ అని రాసి ఉండొచ్చు. మొదట్లో ఈ మాటలు పలకాల్సిన పని రాదు, చదవగలిగితే చాలు.

రుచి చూశాక ఏమనాలి

మన ఉగాది పచ్చడి షడ్రుచుల్లో అయిదింటికి జర్మన్‌లో తడుముకోకుండా మాట దొరుకుతుంది. తీపి జ్యూస్ (తాగే జ్యూస్ కాదు, జూ లోని జ), పులుపు జావర్, ఉప్పన జాల్ట్‌సిష్, చేదు బిటర్, కారం షార్ఫ్. వగరు దగ్గరే బండి ఆగుతుంది. హెర్ప్ అనే మాట దగ్గరికొస్తుంది కానీ దానిలో కాస్త చేదు కూడా కలిసి ఉంటుంది. పచ్చి అరటికాయ వగరు చెప్పాలంటే నోరు పట్టేస్తోందని వివరించుకోవాల్సిందే.

షార్ఫ్, హైస్ మధ్య మాత్రం తడబడకండి. ఇంగ్లిష్‌లో హాట్ అంటే కారమూ, వేడీ కూడా. జర్మన్‌లో మనలాగే రెండూ వేరు, కారం షార్ఫ్, వేడి హైస్. షార్ఫ్‌కి పదునైన అని కూడా అర్థం, కత్తికీ మిరపకాయకీ ఒకే మాట. ఆవపిండి ముద్ద సీసాల మీద మిల్ట్, మిటెల్‌షార్ఫ్, షార్ఫ్ (ఘాటు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ) అని రాసి ఉంటుంది. బవేరియాలో తెల్ల సాసేజీతో తినే తీపి ఆవ ముద్ద కూడా ఉంది. గుంటూరు మిరపకాయ తిన్న నాలుకకి వాళ్ళ షార్ఫ్ మీద పెద్ద నమ్మకం కుదరదు. "ఫోర్‌జిష్ట్, షార్ఫ్!" (జాగ్రత్త, కారం) అని నన్ను హెచ్చరించి పెట్టిన పులుసులో నేను పచ్చడి కలుపుకున్నాను. ఒక హెచ్చరిక నా తరఫున కూడా. ఈ రుచుల మాటల్ని ఇష్ బిన్ అని మీకు తగిలించుకోకండి. "ఇష్ బిన్ జావర్" అంటే నాకు కోపంగా ఉంది. "ఇష్ బిన్ షార్ఫ్" అర్థం ఇక్కడ రాయను.

మెచ్చుకోవడానికి లెకర్, గూట్, క్యోస్ట్‌లిష్ అనే మూడింటిలో నా ఓటు గూట్‌కే. "జేయర్ గూట్" ఎక్కడైనా నప్పుతుంది. లెకర్ జర్మనీలో ఇంటింటా వినిపించే మాటే, కానీ ఆస్ట్రియాలో అది జర్మనీ వాళ్ళ యాసలా అనిపిస్తుంది. క్యోస్ట్‌లిష్ అంటే అద్భుతంగా ఉందని, దాన్ని నిజంగా అద్భుతమైనవాటికి దాచుకోండి. మీరు వండిపెట్టినదానికి ఎవరైనా "నిష్ట్ ష్లెష్ట్" అంటే చెడ్డగా లేదని అర్థం చేసుకుని బాధపడకండి, అది మెప్పే. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని ష్వాబియాలో సామెత కూడా ఉంది. "ఇంటెరెసాంట్" అన్నారంటే మాత్రం గిన్నె మూత పెట్టేయడం మంచిది.

మాంసం తిననివాళ్ళు ప్రొబీరెన్ కంటే ముందు ఒక ప్రశ్న నేర్చుకోవాలి: "ఇస్ట్ డా ఫ్లైష్ డ్రిన్?" ఇందులో మాంసం ఉందా? పైకి కనిపించకపోయినా బంగాళాదుంప సలాడ్‌లో పంది మాంసపు చిన్న ముక్కలు ఉండొచ్చు, దక్షిణాన అయితే దాన్ని మాంసం ఉడికించిన నీళ్ళతోనూ కలుపుతారు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉండొచ్చు. "ఓనె ఫ్లైష్", అంటే మాంసం లేకుండా, అన్న మాట ఒక్కటి నమ్ముకోకుండా ఈ ప్రశ్న అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

గోయెథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే తొలి మెట్టు జర్మన్ పరీక్ష ఏ1కి చదువుతున్నవాళ్ళు ష్మెకెన్, ప్రొబీరెన్‌లతో పాటు "నూర్ ఐన్ బిస్‌షెన్, బిటె" (కొంచెమే, ప్లీజ్) కూడా నోటికి పెట్టుకోండి. మాట్లాడే భాగంలో ఎస్సెన్ ఉంట్ ట్రింకెన్, అంటే తినడం, తాగడం, అనే అంశం మీద ప్రశ్నలు వేయాల్సి రావచ్చు, బొమ్మల కార్డు చూసి ఏదైనా అడగాల్సి కూడా ఉంటుంది. బిస్‌షెన్ అంటే మొదట్లో చిన్న కొరుకు అని అర్థం, తిండి దగ్గర పుట్టి అన్నిటికీ పాకిన మాట. బిటెకీ బిటర్‌కీ మధ్య ఒక్క అక్షరమే తేడా, మొదటిది దయచేసి, రెండోది చేదు.

ఎవరైనా ఇంకొంచెం వేయనా అని అడిగినప్పుడు ఏ జవాబు ఎంచుకోవాలో కూడా చెప్పేస్తాను. చాలు అనడానికి "నైన్ డాంకె, ఇష్ బిన్ జాట్." కడుపు నిండింది కదా అని ఫోల్ అనకండి, మాటల్లో దానికి తాగి ఉన్నాను అనే అర్థం వస్తుంది. కావాలి అనడానికి "యా, గెర్నె." ఒట్టి డాంకె అంటే కృతజ్ఞతలు అని పుస్తకం చెబుతుంది కానీ, పెట్టబోతున్నప్పుడు అంటే వద్దు అని అర్థం. ఒక జర్మన్ కుటుంబం ఆపిల్ కేకు రెండో ముక్క చూపించినప్పుడు నేను మొహమాటంగా నవ్వి డాంకె అన్నాను. మన ఇళ్ళల్లో అయితే ఇంకో రెండుసార్లు బతిమాలి వేసేస్తారు. వాళ్ళు మర్యాదగా ప్లేటు వెనక్కి తీసుకుని, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టేశారు.